డబుల్ క్లిక్ చేస్తే ఏ యాప్ తెరుచుకోవాలి? డిఫాల్ట్ యాప్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయగానే అక్కర్లేని ప్రోగ్రామ్ ఏదో తెరుచుకుంటుంది. దాన్ని మూసేసి, రైట్ క్లిక్ చేసి, కావాల్సినదాన్ని వెతుక్కుంటాం. చాలామంది ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొస్తుంటారు. నిజానికి ఇది ఒక్కసారి సరిచేసుకుంటే వదిలిపోయే ఇబ్బంది. విండోస్, మ్యాక్, లినక్స్ వాడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. విండోస్ గురించి ఎక్కువ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే చిక్కులు ఎక్కువ ఉన్నది అక్కడే.

ఏ ఫైల్‌ని ఏ యాప్‌లో తెరవాలో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

విండోస్ అయితే ఫైల్ పేరులో చివరి చుక్క తర్వాత ఉన్న అక్షరాలు చూస్తుంది. వాటినే ఎక్స్‌టెన్షన్ అంటాం. ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఏ యాప్ అనే జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఆ జాబితా చూసి యాప్‌ని పిలుస్తుంది, అంతే. అలా పిలిచే యాప్‌నే ఆ రకం ఫైల్‌కి డిఫాల్ట్ యాప్ అంటాం. ఫైల్ లోపల ఏముందో తొంగి చూడదు.

ఎంఎస్-డాస్ రోజుల్లో ఫైల్ పేరుకి ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి మూడు అక్షరాలు మించకూడదు. విండోస్ 95తో ఆ హద్దు పోయింది కానీ అలవాటు మిగిలింది. అందుకే ఒకే రకం ఫొటోకి .జేపీజీ అని, .జేపీఈజీ అని రెండు ఎక్స్‌టెన్షన్లు కనిపిస్తాయి. విండోస్ లెక్కలో ఆ రెండూ వేర్వేరు. ఒకదానికి యాప్ మార్చితే రెండోది మారదు. “మార్చాను, అయినా కొన్ని ఫొటోలు పాత యాప్‌లోనే తెరుచుకుంటున్నాయి” అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

లినక్స్ పేరుతో పాటు ఫైల్ లోపలి మొదటి అక్షరాలను కూడా చూడగలదు. పీడీఎఫ్ ఫైల్ ఏదైనా సరే, పర్సెంట్ గుర్తుతో, దాని పక్కనే పీడీఎఫ్ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైల్ ‘పీకే’ అనే రెండక్షరాలతో మొదలవుతుంది. ఆ ఫార్మాట్‌ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి.

నా ఫైల్స్‌కి ఎక్స్‌టెన్షనే కనిపించడం లేదు. ఏం చేయాలి?

విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచేస్తుంది. డిఫాల్ట్ యాప్‌ల పని మొదలుపెట్టే ముందు ఈ దాపరికాన్ని తీసేయండి. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కండి. విండోస్ 10లో ‘వ్యూ’ ట్యాబ్‌లోనే ఆ పేరుతో టిక్ పెట్టే గడి ఉంటుంది. మ్యాక్‌లో ఫైండర్ సెట్టింగ్స్ తెరిచి, ‘అడ్వాన్స్‌డ్’లో ‘షో ఆల్ ఫైల్‌నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి టిక్ పెట్టండి.

ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రపంచమంతా పాకింది. అది వచ్చిన ఫైల్ పేరు ‘లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్’. చివరి మూడక్షరాలను విండోస్ దాచేయడంతో చూసేవాళ్లకు అది మామూలు టెక్స్ట్ ఫైల్‌లా కనిపించింది. నిజానికి అది డబుల్ క్లిక్ చేయగానే నడిచే స్క్రిప్ట్, అంటే చిన్నపాటి ప్రోగ్రామ్. ఈ ఎత్తు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఇన్‌వాయిస్ అని పేరు పెట్టి, .పీడీఎఫ్ తర్వాత .ఈఎక్స్‌ఈ తగిలించి పంపుతారు. ఎక్స్‌టెన్షన్లు కనిపిస్తుంటే ఒక్క చూపులో పట్టేయవచ్చు.

విండోస్ 11లో డిఫాల్ట్ యాప్ ఎలా మార్చాలి?

సులువైన దారి ఇది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ఓపెన్ విత్’లోకి వెళ్లి, ‘చూజ్ అనదర్ యాప్’ నొక్కండి. వచ్చిన జాబితాలో మీకు కావాల్సిన యాప్‌ని ఎంచుకుని, కింద ‘ఆల్వేస్’ నొక్కండి. పక్కనే ఉండే ‘జస్ట్ వన్స్’ నొక్కితే ఆ ఒక్కసారికే తెరుచుకుంటుంది, డిఫాల్ట్ మారదు. తొందరలో చాలామంది దాన్నే నొక్కేసి, మారలేదని అనుకుంటారు.

రెండో దారి: సెట్టింగ్స్ తెరిచి, ‘యాప్స్’, తర్వాత ‘డిఫాల్ట్ యాప్స్’. పైన ఉన్న గడిలో చుక్కతో సహా ఎక్స్‌టెన్షన్ టైప్ చేస్తే ఇప్పుడు ఏ యాప్ ఉందో చూపిస్తుంది. దాని మీద నొక్కి మార్చుకోవచ్చు. అలా కాకుండా కింద జాబితాలో ఒక యాప్ పేరు మీద నొక్కితే, ఆ యాప్ తెరవగల ఫైల్ రకాలన్నీ వరుసగా వస్తాయి. ఒక ప్లేయర్‌కి వీడియో రకాలన్నీ అప్పగించాలంటే ఇది నయం.

విండోస్ 10లో?

దారి దాదాపు అదే. ‘చూజ్ అనదర్ యాప్’ నొక్కాక వచ్చే డబ్బాలో, ఇకపై ఎప్పుడూ ఈ యాప్‌లోనే తెరవాలి అనే అర్థం వచ్చే ‘ఆల్వేస్ యూజ్ దిస్ యాప్’ దగ్గర టిక్ పెట్టి ఓకే చేయాలి. సెట్టింగ్స్‌లో అయితే ‘డిఫాల్ట్ యాప్స్’ పేజీ అడుగున ‘చూజ్ డిఫాల్ట్ యాప్స్ బై ఫైల్ టైప్’ అనే లింక్ ఉంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా ఈ సెట్టింగ్స్ ఎప్పటిలాగే పనిచేస్తాయి.

నాకు కావాల్సిన యాప్ ఆ జాబితాలోనే లేదు.

జాబితా చివరిదాకా జరపండి. ‘చూజ్ యాన్ యాప్ ఆన్ యువర్ పీసీ’ అని ఉంటుంది. అది నొక్కి, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌కి వెళ్లి దాని .ఈఎక్స్‌ఈ ఫైల్‌ని చూపించాలి. మామూలుగా సీ డ్రైవ్‌లో ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో దొరుకుతుంది.

ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా నేరుగా నడిచే పోర్టబుల్ యాప్‌లతో ఒక జాగ్రత్త ఉంది. వాటిని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంచి డిఫాల్ట్ చేయకండి. రేపు ఆ ఫోల్డర్ శుభ్రం చేస్తూ దాన్ని చెరిపేస్తే, లేదా వేరేచోటికి మార్చితే, విండోస్ పాత చోటే వెతికి చేతులెత్తేస్తుంది. ముందు దానికొక స్థిరమైన చోటు చూపించి, ఆ తర్వాత డిఫాల్ట్ చేయండి.

నేను పెట్టిన యాప్ తనంతట తానే మారిపోతోంది. ఎందుకు?

దీని వెనుక కొంచెం కథ ఉంది. ఒకప్పుడు విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఇన్‌స్టాల్ అవుతూనే మనల్ని అడగకుండా ఫైల్ రకాలను లాగేసుకునేది. ఒక మీడియా ప్లేయర్ పెడితే పాటలన్నీ దాని సొంతం. మరొకటి పెడితే దానివి. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ దీనికి అడ్డుకట్ట వేసింది. మీరు యాప్‌ని ఎంచుకున్నప్పుడు ఆ ఎంపికతో పాటు ఒక హ్యాష్ (ఆ ఎంపికకు వేసే ముద్ర లాంటి కోడ్) కూడా విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో నమోదవుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ దొడ్డిదారిన ఆ ఎంపికను మార్చితే హ్యాష్ సరిపోలదు. అప్పుడు విండోస్ ఆ మార్పుని నమ్మకుండా, తన సొంత యాప్‌ని మళ్లీ డిఫాల్ట్‌గా పెట్టేస్తుంది. డిఫాల్ట్ యాప్ రీసెట్ అయిందని మూలన నోటిఫికేషన్ వస్తుంది.

మీకు ఆ నోటిఫికేషన్ పదేపదే వస్తుంటే, ఏదో పాత ప్రోగ్రామ్ మీ సెట్టింగ్‌ని గెలుకుతోందని అర్థం. దాన్ని అప్‌డేట్ చేయండి, లేదంటే తీసేయండి. ఆ తర్వాత పైన చెప్పిన పద్ధతిలో మీరే మళ్లీ ఎంచుకోండి. రిజిస్ట్రీని చేత్తో మార్చమని చెప్పే పాత చిట్కాలు పనిచేయకపోవడానికి కారణం కూడా ఈ హ్యాషే. చాలా యాప్‌లలో ‘మేక్ డిఫాల్ట్’ నొక్కితే పని పూర్తికాకుండా సెట్టింగ్స్ పేజీ తెరుచుకునేది కూడా ఇందుకే. విసుగనిపిస్తుంది గానీ, చివరి మాట మీదే ఉండాలన్న ఈ పద్ధతి మంచిదేనని నా అభిప్రాయం.

బ్రౌజర్‌ని మార్చడం ఎలా?

సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ యాప్స్’ తెరిచి, మీ బ్రౌజర్ పేరు మీద నొక్కి, పైన ‘సెట్ డిఫాల్ట్’ నొక్కండి. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఈ బటన్ లేదు. .హెచ్‌టీఎంఎల్, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అంటూ ఒక్కొక్కటీ విడిగా మార్చాల్సి వచ్చేది. జనం గట్టిగా విసుక్కున్నాక 2022లో బటన్ పెట్టారు. ఇలా మార్చినా, స్టార్ట్ మెనూ సెర్చ్‌లోంచి, విడ్జెట్స్‌లోంచి వచ్చే లింకులు చాలా దేశాల్లో మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి. అది మీ సెట్టింగ్ తప్పు కాదు.

ఈమెయిల్ లింకులు కూడా ఇదే కోవలోవి. డిఫాల్ట్ యాప్స్ గడిలో ‘మెయిల్‌టు’ని ఇంగ్లీషులో టైప్ చేస్తే వస్తుంది. మీరు మెయిల్‌ని బ్రౌజర్‌లోనే చూసుకునేవారైతే అక్కడ బ్రౌజర్‌ని ఎంచుకుని, ఆ తర్వాత బ్రౌజర్‌లో మీ మెయిల్ సైట్‌కి ఈమెయిల్ లింకులు తెరిచే అనుమతి ఇవ్వాలి.

పీడీఎఫ్‌కి వేరే రీడర్ పెట్టాను. అయినా వెబ్‌సైట్‌లో నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటోంది.

ఎక్కువమంది తికమకపడే ప్రశ్న ఇది. డిఫాల్ట్ యాప్ అనేది మీ కంప్యూటర్‌లో సేవ్ అయి ఉన్న ఫైల్ సంగతి. వెబ్‌పేజీలో లింక్ నొక్కినప్పుడు ఆ పీడీఎఫ్ ఇంకా మీ ఫోల్డర్‌లోకి రాలేదు. బ్రౌజర్ దాన్ని తెచ్చుకుని తనలోనే ఉన్న పీడీఎఫ్ వ్యూయర్‌లో చూపిస్తుంది. విండోస్‌ని అడగనే అడగదు. కాబట్టి మార్చాల్సింది బ్రౌజర్ సెట్టింగ్స్‌లో.

క్రోమ్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘సైట్ సెట్టింగ్స్’, అడుగున మిగతా కంటెంట్ సెట్టింగ్స్ తెరిస్తే ‘పీడీఎఫ్ డాక్యుమెంట్స్’ ఉంటుంది. అక్కడ డౌన్‌లోడ్ చేయమని ఎంచుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ‘జనరల్’ పేజీలో ‘అప్లికేషన్స్’ అనే పట్టిక ఉంది. అందులో పీడీఎఫ్ వరుస ఎదురుగా మీకు నచ్చినది పెట్టుకోవచ్చు.

ఏ రకం ఫైల్‌కి ఏ యాప్ పెట్టుకోవడం మంచిది?

యాప్‌ల పేర్లు ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఒక పద్ధతి మాత్రం గట్టిగా చెబుతాను: డబుల్ క్లిక్‌ని చూడటానికి ఉంచండి, మార్పులు చేయడానికి ‘ఓపెన్ విత్’ వాడండి. రోజూ మనం తెరిచే ఫైల్స్‌లో ఎక్కువ భాగం చూసి మూసేసేవే. ఒక ఫొటో చూడటానికి ఫొటోషాప్ లోడ్ అయ్యేదాకా కూర్చోవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఫొటోలకు తేలికైన వ్యూయర్, పీడీఎఫ్‌కి వేగంగా తెరుచుకునే రీడర్, వీడియోలకు అన్ని రకాలూ నడిపే వీఎల్‌సీ లాంటి ప్లేయర్ పెట్టుకుంటే రోజువారీ పని తేలికపడుతుంది. ఎడిటర్‌లో పొరపాటున ఏదో కదిలి, చూసుకోకుండా సేవ్ కొట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది.

వర్డ్ ఫైల్స్ లాంటివి ఎలాగూ మార్చడానికే తెరుస్తాం కాబట్టి వాటికి ఈ మాట వర్తించదు.

సీఎస్‌వీ ఫైల్స్‌ని ఎక్సెల్‌లో తెరవడం తప్పా?

తప్పు కాదు. కానీ డబుల్ క్లిక్‌తో నేరుగా తెరవడం ప్రమాదమే. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్. ఏ గడిలో ఉన్నది అంకె, ఏది తేదీ అన్న సమాచారం అందులో ఉండదు. ఎక్సెల్ తనే ఊహిస్తుంది. ‘007412’ అనే కోడ్ ఉంటే ముందున్న సున్నాలు తీసేసి 7412 చేస్తుంది. పదహారు అంకెల కార్డు నంబర్ ఉంటే చివరి అంకెని సున్నా చేస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ పదిహేను అంకెల వరకే కచ్చితంగా పట్టుకోగలదు. ‘3-4’ అని రాసి ఉంటే తేదీ అనుకుంటుంది. తెలుగు అక్షరాలున్న సీఎస్‌వీ అయితే కొన్నిసార్లు తెరవగానే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. తెరిచి మూసేస్తే ఫైల్‌కి ఏమీ కాదు. సేవ్ కొట్టారా, ఊహలే అసలు డేటా అయిపోతాయి.

ఇది ఎంత దూరం వెళ్లిందంటే, మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో కొన్ని పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో వాటిని ‘మార్చ్‌ఎఫ్1’, ‘సెప్టిన్1’ అని మార్చారు.

అందుకే సీఎస్‌వీకి నోట్‌ప్యాడ్ లాంటి టెక్స్ట్ ఎడిటర్‌ని డిఫాల్ట్ చేయమంటాను. ఎక్సెల్ కావాల్సినప్పుడు ముందు ఎక్సెల్ తెరిచి, ‘డేటా’ ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’తో తెచ్చుకోండి. అక్కడ ఏ నిలువు వరుస టెక్స్ట్‌గా ఉండాలో మీరే చెప్పవచ్చు. తెలుగు అక్షరాలు సరిగ్గా రావాలంటే ‘యూటీఎఫ్-8’ ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు ఎక్సెల్ ఆప్షన్స్‌లో ‘డేటా’ కింద ఈ ఆటోమేటిక్ మార్పిళ్లను ఆపేసే వీలు కూడా ఉంది.

భద్రత కోసం మార్చుకోవాల్సిన డిఫాల్ట్‌లు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. .జేఎస్, .వీబీఎస్ ఫైల్స్ మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్ వాటిని స్క్రిప్ట్‌గా నడిపేస్తుంది. మెయిల్‌లో వచ్చిన జిప్‌లో ఇలాంటి ఫైల్ ఒకటి ఉండి, ఎవరో నొక్కితే, ఆ మరుక్షణమే అది పని మొదలుపెడుతుంది. ఈ రెండు రకాలకూ నోట్‌ప్యాడ్‌ని డిఫాల్ట్ చేయండి. పొరపాటున నొక్కినా లోపలి కోడ్ అక్షరాలుగా తెర మీద కనిపిస్తుంది తప్ప నడవదు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకూ దీనివల్ల ఇబ్బంది లేదు. బ్రౌజర్ గానీ, జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ గానీ ఆ ఫైల్స్‌ని నడపడానికి ఈ సెట్టింగ్‌ని వాడుకోవు. కుటుంబంలో మీరే కంప్యూటర్లు చూసిపెట్టేవారైతే అందరి కంప్యూటర్లలోనూ ఈ పని చేసిపెట్టండి.

.ఈఎక్స్‌ఈ, షార్ట్‌కట్‌ల .ఎల్‌ఎన్‌కే జోలికి మాత్రం పోవద్దు. అవి చెడితే ప్రోగ్రామ్‌లే తెరుచుకోవు.

ఎక్స్‌టెన్షన్ మార్చేస్తే ఫైల్ ఆ రకానికి మారిపోతుందా?

మారదు. పేరు మాత్రమే మారుతుంది, లోపలి సరుకు అలాగే ఉంటుంది. ఐఫోన్ నుంచి వచ్చిన .హెచ్‌ఈఐసీ ఫొటోకి .జేపీజీ అని పేరు పెడితే అది జేపీజీ అయిపోదు. సరైన యాప్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ చేస్తేనే మారుతుంది.

కళ్లారా చూడాలంటే, ఒక వర్డ్ ఫైల్‌కి కాపీ తీసి, ఆ కాపీకి చివర .డాక్స్ బదులు .జిప్ అని పెట్టండి. విండోస్ హెచ్చరించినా సరేనని తెరవండి. లోపల ‘వర్డ్’ అనే ఫోల్డర్, అందులో మీరు రాసిన మాటలున్న ‘డాక్యుమెంట్’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ కనిపిస్తాయి. డాక్స్ ఫైల్ మొదటినుంచీ జిప్ కట్టిన మూటే. పేరు మార్చాక విండోస్ వేరే యాప్‌కి అప్పగించింది, అంతే.

సరైన యాప్‌లోనే తెరుచుకుంటోంది, కానీ ఫొటో రావడం లేదు. వీడియోకి సౌండ్ లేదు.

ఇది డిఫాల్ట్ సమస్య కాదు, కోడెక్ సమస్య. కోడెక్ అంటే కుదించిన ఫొటోనో వీడియోనో విప్పి చూపించే భాగం. యాప్‌కి ఆ ఫైల్‌ని విప్పడం రావడం లేదన్నమాట. ఐఫోన్‌లు 2017లో ఐఓఎస్ 11 నుంచి హెచ్‌ఈఐసీలో ఫొటోలు తీస్తున్నాయి. విండోస్ ఫొటోస్ యాప్‌లో అవి తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ‘హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్’ వేసుకోవాలి. దానికి తోడు హెచ్‌ఈవీసీ కోడెక్ కూడా అడగవచ్చు. వీడియోల విషయంలో తనలోనే కోడెక్‌లు ఉన్న ప్లేయర్ వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

మ్యాక్‌లో ఎలా?

ఫైల్‌ని ఎంచుకుని కమాండ్, ఐ కలిపి నొక్కండి. వచ్చిన సమాచార పెట్టెలో ‘ఓపెన్ విత్’ దగ్గర యాప్ మార్చి, కిందున్న ‘చేంజ్ ఆల్’ నొక్కండి. ఆ బటన్ నొక్కకపోతే ఆ ఒక్క ఫైల్‌కే మారుతుంది. చాలామంది మరిచిపోయేది ఈ బటన్‌నే. బ్రౌజర్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘డెస్క్‌టాప్ అండ్ డాక్’ పేజీలో ఉంటుంది. మెయిల్ యాప్ మార్చాలంటే మాత్రం యాపిల్ మెయిల్ తెరిచి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి.

లినక్స్‌లో?

గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’, యాప్ ఎంచుకుని, ఈ రకం ఫైల్స్‌కి ఎప్పుడూ ఇదే అనే మీటని ఆన్ చేయాలి. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ‘ఫైల్ అసోసియేషన్స్’ చాలా వివరంగా ఉంటుంది. ఒక రకానికి మొదటి ఎంపిక, రెండో ఎంపిక అని వరుస కూడా పెట్టుకోవచ్చు. ఎక్కడ మార్చినా ఆ ఎంపిక మీ హోమ్ ఫోల్డర్‌లోని ‘.కాన్ఫిగ్’ లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో చేరుతుంది. దాన్ని కాపీ చేసుకుంటే కొత్త సిస్టమ్‌కి కూడా తీసుకెళ్లవచ్చు.

ఒకే రకం ఫైల్స్‌లో ఒక్కదానికి మాత్రం వేరే యాప్ పెట్టవచ్చా?

మ్యాక్‌లో కుదురుతుంది. ‘ఓపెన్ విత్’ మెనూ తెరిచి ఆప్షన్ కీ నొక్కిపట్టుకుంటే అది ‘ఆల్వేస్ ఓపెన్ విత్’గా మారుతుంది. అది ఆ ఫైల్‌కే వర్తిస్తుంది. విండోస్‌లో ఎంపిక మొత్తం ఎక్స్‌టెన్షన్‌కే. కావాలంటే డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసి, అందులో ముందు యాప్ దారి, తర్వాత ఫైల్ దారి, రెండూ కొటేషన్ గుర్తుల్లో ఇవ్వండి.

అంతా కలగాపులగం అయింది. మొదటికి తెచ్చుకోవచ్చా?

విండోస్ 11లో ‘డిఫాల్ట్ యాప్స్’ పేజీ అడుగున ‘రీసెట్’ ఉంది. అది నొక్కితే బ్రౌజర్‌తో సహా అన్నీ మైక్రోసాఫ్ట్ పెట్టినట్టు మారిపోతాయి. ఒకటి రెండు రకాలే చెడితే దాని జోలికి వెళ్లకుండా వాటినే సరిచేసుకోండి. తప్పు యాప్ ఎంచుకున్నంత మాత్రాన ఫైల్స్‌కి ఏమీ కాదు కాబట్టి ఈ విషయంలో టెన్షన్ పడనక్కర్లేదు.

ఒకే కంప్యూటర్‌ని నలుగురం వాడతాం. నేను మార్చితే అందరికీ మారుతుందా?

ఎవరి అకౌంట్‌కి వాళ్ల ఎంపికే. అందరూ ఒకే అకౌంట్‌తో వాడుతుంటే మాత్రం ఒకరు మార్చింది అందరికీ మారుతుంది. అలాంటప్పుడు ఒక్కొక్కరికీ విడి అకౌంట్ చేసుకోవడమే దారి. పదుల కంప్యూటర్లను చూసుకునే ఆఫీసు అడ్మిన్‌లు అయితే ఒక కంప్యూటర్‌లో డిఫాల్ట్‌లన్నీ సరిచేసి, ‘డిజమ్’ టూల్‌తో ఆ జాబితాని ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా బయటికి తీసి, గ్రూప్ పాలసీ ద్వారా మిగతా కంప్యూటర్లకు పంపవచ్చు. ఇలా పాలసీతో పంపిన ఎంపికలు ప్రతిసారీ సైన్ ఇన్ అయినప్పుడు మళ్లీ అమలవుతాయి. ఆఫీసు కంప్యూటర్‌లో మీరు మార్చింది మర్నాటికి పాత యాప్‌కి తిరిగి వెళ్లిపోతుంటే, ముందు అడ్మిన్‌ని అడగండి.